పూవన్ అంటే మన కర్పూర చక్కరకేళేనా?

తమిళనాడు నర్సరీ వాళ్లు పూవన్ అరటి మన కర్పూర చక్కరకేళే అంటున్నారని, కేరళ స్నేహితుడు కాదంటున్నాడని రాశారు కదండీ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తమిళనాడులో పూవన్ అంటే మన కర్పూర చక్కరకేళే. కేరళలో దాన్నే పాళయంకోడన్ అంటారు. కేరళవాళ్ల పూవన్ మాత్రం మన అమృతపాణి, అదే తమిళుల రస్తాలి, కర్ణాటకలో రసబాళె. చిన్న పండ్ల ఏలక్కి అరటిని తమిళులు నేయ్ పూవన్ అంటారు, అది మూడో రకం. ఇక చక్కరకేళి అని ఊరికే అంటే అసలు కుదరదు, మన దగ్గరే తెల్లది వేరు, కర్పూరం వేరు.

పిలకలు కొనేముందు తోటలోకి వెళ్లి ఆకు వెనక్కి తిప్పి చూడండి. కర్పూరానికి ఈనె వెనుక గులాబీ ఛాయ ఉంటుంది. పండులో పులుపు తగులుతుంది, మాగినా గెల నుంచి తొందరగా రాలదు. అమృతపాణి మాగితే రాలిపోతుంది, గుజ్జులో ఒక్కోసారి గట్టి గడ్డలు తగులుతాయి. పైగా దానికి పనామా తెగులు (మట్టిలోని శిలీంధ్రం వల్ల చెట్టు వాడిపోయే తెగులు) బెడద ఎక్కువ, కర్పూరం చాలావరకు తట్టుకుంటుంది. అందుకే బిల్లు మీద ఉత్త పూవన్ అని కాకుండా కర్పూర చక్కరకేళి అని కూడా రాయించుకోండి.