సినిమా ట్రైలర్ యూట్యూబ్ వ్యూస్‌లో డబ్బు కట్టి తెచ్చుకున్నవి కూడా కలుస్తాయా?

కలుస్తాయి, వీడియో కింద కనిపించే అంకెలో జనం వెతుక్కుని చూసినవీ, ప్రకటనగా వేయిస్తే వచ్చినవీ రెండూ ఉంటాయి, వేటి లెక్క ఎంతో బయటివాళ్లకు కనిపించదు.

ట్రైలర్‌ను వేరే వీడియోలకు ముందు ప్రకటనగా వేయించుకోవచ్చు. స్కిప్ చేసే వీలున్న అలాంటి ప్రకటనను మీరు 30 సెకన్లు చూసినా, దాని మీద క్లిక్ చేసినా ఒక వ్యూ పడుతుంది. వంట వీడియో పెట్టుకుని పిండి కలుపుతూ స్కిప్ నొక్కలేకపోయినవాళ్లు కూడా అలా ఆ హీరో రికార్డులో చేరిపోతారు!

2019 జులైలో ర్యాపర్ బాద్‌షా పాట ‘పాగల్’కు 24 గంటల్లో దాదాపు 7.5 కోట్ల వ్యూస్ వచ్చాయని ప్రకటించారు. కొరియా పాప్ బృందం బీటీఎస్ పేరిట అప్పటికి ఉన్న రికార్డు కంటే అది కాస్త ఎక్కువే. కానీ ప్రకటనల ఊతం ఉండటంతో పెద్ద చర్చ జరిగింది, యూట్యూబ్ దాన్ని రికార్డుగా ప్రకటించలేదు. అదే ఏడాది సెప్టెంబరులో, పాటల చార్టులకూ 24 గంటల రికార్డులకూ ప్రకటనల వ్యూస్ లెక్కించబోమని చెప్పింది. వీడియో కింది అంకె మాత్రం మారలేదు. అభిమానుల గొడవలన్నీ ఆ అంకె మీదే!

చాలామంది పొరబడేది ఇక్కడే: ప్రకటనల వ్యూస్ అంటే బాట్లు (మనుషుల్లా నటించే కంప్యూటర్ ప్రోగ్రాములు) తెచ్చే దొంగ వ్యూస్ అనుకుంటారు. కాదు. బాట్ల వ్యూస్ నిబంధనలకు విరుద్ధం, యూట్యూబ్ పసిగడితే తీసేస్తుంది. ప్రకటన చూసింది మాత్రం నిజమైన మనుషులే. కాకపోతే ట్రైలర్ కోసం వాళ్లు రాలేదు, ట్రైలరే వాళ్ల దగ్గరికి వచ్చింది.