మొటిమలు తగ్గట్లేదు, లేజర్ చేయించుకోవచ్చా?

ముందు ఒకటి చూసుకోండి, మీకున్నవి ఇంకా కొత్తగా వస్తున్న మొటిమలా లేక అవి పోయాక మిగిలిన గుంటలా, ఎందుకంటే క్లినిక్కుల్లో ఎక్కువగా చెప్పే ఫ్రాక్షనల్ సీఓ2 లేజర్ గుంటలకే, కొత్తవాటిని ఆపదు. మొటిమలకనే 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఓకే చేసిన 1726 నానోమీటర్ల లేజర్ ఉంది, అది చర్మంలో నూనె గ్రంథుల్ని వేడిచేసి జిడ్డు తగ్గిస్తుంది, నెలకొకటి చొప్పున 3 సిట్టింగ్‌లు, ఖర్చు మాత్రం బాగా ఎక్కువ.

అసలు మొటిమలకి పూసే మందులు అడాపలిన్, బెంజాయిల్ పెరాక్సైడ్ 3 నెలలు వదలకుండా వాడారా? అమ్మాయిలకి పీరియడ్స్ ముందు దవడ దగ్గర వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో చూపించుకోండి. గడ్డల్లా లేస్తుంటే ఐసోట్రెటినోయిన్ అనే మింగే మందు గురించి స్కిన్ డాక్టర్‌ని అడగండి, ప్రెగ్నెన్సీలో అయితే అది అస్సలు వద్దు. వీటికి లొంగకపోతేనే లేజర్. మన చామనఛాయ స్కిన్‌కి సెట్టింగ్ తేడా వస్తే నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయండి, పార్లర్లో మాత్రం చేయించుకోకండి.