సిడ్నీ చదువులో చాట్‌జీపీటీ వాడొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ అయ్యాక సిడ్నీ యూనివర్సిటీలో డేటా సైన్స్ మాస్టర్స్‌కి వెళ్తున్నాడు. అసైన్‌మెంట్లలో చాట్‌జీపీటీ వాడితే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుందనీ, వైవాలు కూడా పెడుతున్నారనీ అంటున్నారు. మావాడికి ఇంగ్లిష్ మాట్లాడటం అంతంతమాత్రం. టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీరు విన్నదాంట్లో వైవా మాట నిజమేనండి. సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

ఏఐ రాసిందా, మనిషి రాశాడా అన్నది కచ్చితంగా తేల్చే సాఫ్ట్‌వేర్ ఇంతవరకూ లేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా అలాంటిదొకటి తెచ్చింది. ఏఐ రాసిన వాటిలో 26 శాతాన్నే అది పట్టుకోగలిగింది. 2023 జులైలో దాన్ని ఆపేశారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది, ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థులు రాసిన 91 టోఫెల్ (విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష) వ్యాసాలను ఇలాంటి ఏడు సాఫ్ట్‌వేర్లకు ఇచ్చి చూస్తే, సగటున సగానికి పైగా ఏఐ రాసినవేనని అవి చెప్పాయి. అన్యాయంగా నింద పడేది మన పిల్లల లాంటివాళ్ల మీదే. అందుకే మీవాణ్ని ప్రతి అసైన్‌మెంట్ చిత్తుప్రతులూ, నోట్సూ దాచుకోమనండి.

పోలీసులా వెంటపడటం కంటే పరీక్ష పెట్టే పద్ధతినే మార్చుకోవాలని సిడ్నీ యూనివర్సిటీ నిర్ణయించింది. 2025 నుంచి అక్కడ రెండు దారులు. ఇంటి దగ్గర చేసే 'ఓపెన్' పనుల్లో ఏఐ వాడుకోవచ్చు, వాడిన సంగతి చెప్పాలి. 'సెక్యూర్' పరీక్షలు మాత్రం ఇన్విజిలేటర్ ముందు రాయాలి, లేదా లెక్చరర్ ఎదుట కూర్చుని జవాబులు చెప్పాలి. వాటిలో అనుమతి ఇస్తే తప్ప ఏఐ ఉండదు. నా దృష్టిలో ఇది మంచి మార్పు.

ఈమధ్య ఒకమ్మాయి తన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి చూపించింది. ముచ్చటగా ఉంది. ఒక గ్రాఫ్ మీద వేలు పెట్టి, "ఈ గీత ఇక్కడ ఎందుకు పడిపోయిందమ్మా?" అన్నాను. పేజీలు అటూ ఇటూ తిప్పింది. "తెలుగులోనే చెప్పు" అన్నా నోరు పెగల్లేదు. పాపం, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ పిల్లకి అడ్డుపడింది ఇంగ్లిష్ కాదండీ.

మీ అబ్బాయిని వారానికి రెండుసార్లు మీ ముందు కూర్చోబెట్టి, తన ప్రాజెక్టు గురించి పది నిమిషాలు తెలుగులో చెప్పమనండి. మీకు డేటా సైన్స్ రాకపోయినా ఫర్వాలేదు, "ఎందుకలా చేశావు? ఇంకోలా చేస్తే ఏమయ్యేది?" అని అడిగితే చాలు. తెలుగులో తడబాటు పోయాక అదే ఇంగ్లిష్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినమనండి. వ్యాకరణం కాస్త అటూఇటైనా విషయం తెలిసినవాడి మాట తెలిసిపోతుంది. ఒకవేళ ప్రాజెక్టు బయట డబ్బిచ్చి చేయించుకున్నదైతే కోప్పడకండి. చిన్నదైనా సరే, వెళ్లేలోగా ఒకటి సొంతంగా చేయించండి.

అక్కడికి వెళ్లాక ప్రతి సబ్జెక్టుకీ ఏది ఓపెనో, ఏది సెక్యూరో మొదటి వారంలోనే చూసుకోవాలి. అనుమానం ఉంటే అసైన్‌మెంట్ సమర్పించకముందే లెక్చరర్‌ని అడిగేయాలి.