కోరింగ మడ అడవుల ఉమ్మడి సమితి బాధ్యత తీసుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరి మడ అడవుల రక్షణ కోసం ఏర్పడుతున్న ఉమ్మడి సమితికి నిన్ను సమన్వయకర్తగా తీసుకున్నారని మీ నాన్న చెప్పాడు. అటవీ శాఖలో నా ఉద్యోగం చాలావరకు ఆ పాయల మధ్యనే గడిచింది కనుక, నీవు మొదటి సమావేశం పిలవకముందే ఈ ఉత్తరం నీకు అందాలని రాస్తున్నాను.

అక్కడ కలిసి పనిచేయడం కొత్త కాదు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ప్రపంచ పర్యావరణ నిధి తోడ్పాటుతో మన ప్రభుత్వం 2011లో చేపట్టిన నదీముఖ ప్రాజెక్టు, ఆ తరువాత తూర్పు గోదావరి నదీముఖ పరిరక్షణ కోసం వచ్చిన ఈగ్రీ ఫౌండేషన్, ప్రభుత్వ శాఖలను, పరిశ్రమలను, మత్స్యకారులను ఒకచోట కూర్చోబెట్టడానికే పుట్టాయి. అయితే ఇలాంటి సమితుల్లో అందరి చూపూ త్వరగా నిధుల మీదికి మళ్ళుతుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి కాబట్టి, కాకినాడ చుట్టూ ఉన్న పరిశ్రమలు డబ్బు ఇవ్వడానికి వెనుకాడకపోవచ్చు. నీవు మాత్రం ప్రతి సభ్యుణ్ణీ అతని చేతిలో మాత్రమే ఉన్నదేదో అది అడుగు. పరిశ్రమను అది వదిలే నీటి గురించి, జలవనరుల శాఖను వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ దాటి మొగదాకా చేరే మంచినీటి గురించి, రొయ్యల రైతులను చెరువు ఖాళీ చేసినప్పుడు ఆ నీరు ఏ పాయలో కలుస్తుందన్న దాని గురించి అడగాలి. వీటిలో ఏదీ చెక్కు రాసి తీర్చగలిగింది కాదు.

మొక్కల సంఖ్య విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండు. వెనుకటి రోజుల్లో వంటచెరకు కోసం అడవిని నరికేసిన చోట నేల ఎండకు ఆరి, కుంగి, పళ్ళెంలా గుంటపడింది. పెద్ద పోటుకు లోపలికి వచ్చిన ఉప్పునీరు పాటుకు, అంటే సముద్రం వెనక్కి తీసే వేళ, తిరిగి పోలేక అక్కడే నిలిచి, వేసవిలో ఆవిరై, తెల్ల మడ జాతి చెట్టు కూడా తట్టుకోలేనంత ఉప్పును మట్టిలో మిగిల్చింది. అటువంటి చోట ఎన్ని మొక్కలు నాటినా బతకవు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, గ్రామస్థులు కలిసి చేసిన పని ఇక్కడే నీకు దారి చూపాలి: చేపముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వి, ఆటుపోట్లు రోజూ వచ్చిపోయేలా చేసి, ఉప్పు కొంత కడుక్కుపోయిన తరువాతే కాలువ గట్ల వాలులో మొక్కలు నాటారు. ఆ కాలువలు ఒండ్రుతో పూడిపోతుంటాయి. కాబట్టి మొదటి ఏడాది నాటే ఉత్సవానికి కాక, మూడో ఏడాది, ఐదో ఏడాది పూడికతీతకు డబ్బు ముందే విడిగా పెట్టించు. ఒప్పందంలో ఈ ఒక్క అంశం కోసం గట్టిగా పట్టుబట్టాల్సి వస్తే పట్టుబట్టు.

ఇక హద్దుల సంగతి. 2022లో జిల్లాలు విడిపోయాక కోరింగ, చొల్లంగి కాకినాడ జిల్లాలో ఉన్నాయి. గోదావరి పాయ గౌతమికి ఆవలి ఒడ్డు కోనసీమ జిల్లాది. నడుమ ఉన్న యానాం పుదుచ్చేరిది. బావురు పిల్లికీ నీటికుక్కకూ ఈ గీతలు తెలియవు, వలవేసే మనిషి కూడా వాటిని పట్టించుకోడు. అందుచేత యానాం అధికారులను, అక్కడి మత్స్యకార సంఘాలను అతిథులుగా కాక ఓటున్న సభ్యులుగా తీసుకో.

తాబేళ్ళ విషయంలో క్యాలెండరు చూసి మాట్లాడాలి. తూర్పు తీరంలో మర పడవల చేపల వేటపై నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. ఆలివ్ రిడ్లీ సముద్ర తాబేళ్ళు కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక మీదికి గుడ్లు పెట్టడానికి ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు వస్తాయి. అంటే చట్టం ఇచ్చే విరామం వాటికి ఆలస్యంగా అందుతుంది. ఆ నెలల్లో గుడ్లు పెట్టే తీరానికి దూరంగా చేపల వేట సాగించడం, పడవ లాగే ట్రాల్ వలల్లో తాబేళ్ళు తప్పించుకునే పరికరం అమర్చడం బోటు యజమానులు ఒప్పుకుంటేనే జరుగుతాయి. ఆ ఒప్పుకోలు నవంబరులోపే కుదరాలి. వేట జోరందుకున్నాక ఎవరూ వినరు. తాము కోల్పోయే రాబడికి బదులేమిటని వారు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న కాబట్టి, జవాబు సిద్ధం చేసుకునే వెళ్ళు.

సమావేశాలు కలెక్టరేటులో ఉదయం పదకొండుకు పెడితే పీతలు పట్టేవారు, గవ్వలు ఏరే ఆడవాళ్ళు రారు. వారి పని పోటుపాట్లను బట్టి సాగుతుంది కనుక సమావేశం కూడా అలాగే పెట్టు, కొన్నిసార్లు వారి ఊరి రామాలయం అరుగు మీదే పెట్టు. ఏ పాయ ఎప్పుడు పూడింది, ఎక్కడ తిల్ల మడ చెట్లు ఎండిపోయాయి, ఎక్కడ పండుగప్ప దొరకడం తగ్గింది అన్నవి ముందు వారికే తెలుస్తాయి. ఉపగ్రహ చిత్రం వాటిని తరువాత ధ్రువీకరిస్తుంది. వారు చెప్పినది వారు పిలిచే పాయల పేర్లతోనే పటం మీద రాయించి, ఒక ప్రతి వారి పంచాయతీలో ఉంచు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలోనూ ఉండాల్సిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు కాగితం మీదే ఉన్నాయో, కూర్చుంటున్నాయో కూడా ఆ సందర్భంలోనే తెలుసుకోవచ్చు.

మొదటి సమావేశానికి నిధుల పట్టిక తీసుకువెళ్ళకు. చొల్లంగి నుంచి భైరవపాలెం దాకా నీరు ఆగిపోయిన చోట్ల పటం ఒక్కటి బల్ల మీద పరిచి, ఒక్కొక్క చోటు ఎవరి వల్ల తెరుచుకుంటుందో పేరు పేరునా రాయించుకుని, సంతకాలు తీసుకుని రా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న