అమ్మలూ, ముందు అసలు కాగితం చదువు

అమ్మలూ,

అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సీటొచ్చిందనీ, పాలిటిక్స్, అంతర్జాతీయ సంబంధాలు చదువుతావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఏళ్లతరబడి ఆ సబ్జెక్టే పాఠం చెప్పినదాన్ని, నా సంతోషం నీకు వేరే చెప్పాలా! ఇంజనీరింగ్ ఎందుకు కాదని అడిగే చుట్టాల సంగతి మేం చూసుకుంటాం.

మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏదో మామూలుగా రెండో ఏడాది చివరికి చెబితే చాలు కాబట్టి తొందరపడకు. క్లాసులు చిన్నవి, వెనక బెంచీలో దాక్కోవడం కుదరదు. మాట్లాడాలంటే చదివి వెళ్లాల్సిందే.

విశ్లేషణలు, టీవీ చర్చలు తర్వాత. ముందు అసలు కాగితం చదువు. భారత్, పాకిస్తాన్ నదీజలాలు పంచుకునే సింధు జలాల ఒప్పందమే తీసుకో. ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత మన ప్రభుత్వం దాన్ని నిలిపి ఉంచుతున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు పన్నెండో అధికరణం తెరువు. రెండు ప్రభుత్వాలూ కలిసి మరో ఒప్పందంతో రద్దు చేసుకునేదాకా ఇది అమల్లో ఉంటుందని రాసి ఉంది. మధ్యలో నిలిపి ఉంచడం గురించి ఏమీ లేదు. మరి మన వాదన దేనిమీద నిలబడుతుంది, పాకిస్తాన్ వాదన ఎక్కడ బలంగా ఉంది? మనదేశం కదా అని మొహమాటపడకుండా రెండు పక్కలా నువ్వే వాదించి చూడు.

ఆ తర్వాత అనుబంధం డి. పశ్చిమ నదుల (పాకిస్తాన్ వాటాకి వెళ్లిన సింధు, జీలం, చీనాబ్) మీద మనం కట్టే జలవిద్యుత్ కేంద్రాల షరతులు అందులో ఉన్నాయి. జమ్మూకశ్మీర్‌లో మనం కట్టిన కిషన్‌గంగ జలవిద్యుత్ కేంద్రం మీద పాకిస్తాన్ వేసిన కేసులో, పూడిక కడగడానికి నీటిమట్టాన్ని డెడ్ స్టోరేజీ (జలాశయం అడుగున, కరెంటు తయారీకి వాడని నీళ్లు) కిందికి దించొచ్చా అన్నదే ఒక పెద్ద ప్రశ్న. కుదరదని 2013లో మధ్యవర్తిత్వ న్యాయస్థానం తేల్చింది. పూడిక ఎలా చేరుతుందో తెలియనివాళ్లకు ఆ తీర్పు సగమే అర్థమవుతుంది. అందుకే జియాలజీ క్లాసొకటి తీసుకో. పాలిటిక్స్ విద్యార్థిని ఆ గదిలోకి రానిచ్చే చదువు దొరకడం నీ అదృష్టం, వాడుకో. స్టాటిస్టిక్స్ కూడా వదలకు. విదేశీ భాష మాత్రం మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టు, ఆలస్యమైతే నాలుగేళ్లూ చాలవు.

చివరి ఏడాది థీసిస్‌కి కృష్ణా జలాల గురించి ఆలోచించు. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చిన 811 టీఎంసీల్లో ఎవరికెంత అని రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంకా తగువులాడుకుంటున్నాయి. ఆ తీర్పు ఇప్పుడే చదవడం మొదలుపెట్టు. అర్థంకాని పేజీలు ఫోటో తీసి పంపు, ఆదివారం ఫోన్లో కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ