వ్యాపారం పెట్టకుండా వ్యాపారం మీద పీహెచ్‌డీ ఎందుకు?

ప్రశ్న: మాది కాకినాడ. మా నాన్నగారి కాలం నాటి హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి 77 శాతంతో బీటెక్ పూర్తి చేసి, హైదరాబాద్‌లో ఒక స్టార్టప్ ఇంక్యుబేటర్‌లో, అంటే కొత్త కంపెనీలు నిలదొక్కుకోవడానికి సాయం చేసే సంస్థలో, రెండేళ్లుగా పని చేస్తోంది. జీతం ఏడాదికి 7 లక్షలు. ఇప్పుడు అది మానేసి ఆంట్రప్రెన్యూర్‌షిప్ మీద, యూనివర్సిటీలూ కంపెనీలూ కలిసి చేసే ఇన్నోవేషన్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. వ్యాపారం అంటే చెయ్యాలి గానీ, దాని గురించి ఐదేళ్లు చదవడం ఏమిటండీ? చదివాక ఉద్యోగం ఎవరిస్తారు? 25 ఏళ్లు వచ్చాయి, సంబంధాలు కూడా చూస్తున్నాం. దానికి ఏం చెప్పమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో కాకినాడ పేరు చూడగానే ముందు ఒక సంగతి చెప్పాలనిపించింది. మీ అమ్మాయి చదవాలనుకుంటున్న సబ్జెక్టులో మీ ఊరికి ఒక స్థానం ఉంది. 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాకినాడ వ్యాపారులతో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఏదో సాధించాలన్న తపన పుట్టుకతో రావాల్సిందేనా, పెద్దయ్యాక నేర్పినా వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. మీ ఊరి షాపుల వాళ్లను, చిన్న పరిశ్రమల వాళ్లను హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమలకు శిక్షణ ఇచ్చే సియెట్ సంస్థకు రప్పించి శిక్షణ ఇచ్చారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అని పిలుస్తున్నది ఆ సంస్థనే. శిక్షణ పొందినవాళ్లు ఊరికి తిరిగి వెళ్లాక ఏం చేశారు, కొత్తగా పెట్టుబడి పెట్టారా, ఎంతమందికి పని ఇచ్చారు అని గమనించారు. శిక్షణ పొందని వ్యాపారులతో పోల్చి చూశారు. ఫలితాలు 1969లో పుస్తకంగా వచ్చాయి. ఎంబీఏ పాఠాల్లో దీన్ని ఇప్పటికీ ‘కాకినాడ ప్రయోగం’ అనే చెబుతారు. మీ బజారులో బాగా పెద్దవాళ్లను అడిగి చూడండి, ఆ రోజుల్లో హైదరాబాద్ వెళ్లి వచ్చినవాళ్లు ఎవరికైనా గుర్తుండొచ్చు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. వ్యాపారి తన షాపు గురించి ఎవరికన్నా బాగా చెప్పగలడు. కానీ ఒక వీధిలో పది షాపులు పెడితే ఆరు ఎందుకు నిలబడ్డాయో తెలియాలంటే మూతపడ్డ నాలుగింటి కథ కూడా వినాలి. మూసేసినవాళ్ల దగ్గరికి వెళ్లి అడిగే తీరిక వ్యాపారికి ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. పరిశోధకురాలి పని అది. ఆ తర్వాత తన జవాబును తానే అనుమానించాలి. కాకినాడ నుంచి శిక్షణకు ఒప్పుకుని వచ్చినవాళ్లు ముందునుంచే చురుకైనవాళ్లేమో, తర్వాత వాళ్లలో కనిపించిన ఎదుగుదలకు కారణం శిక్షణ కాదు, వాళ్ల స్వభావమేనేమో? ఈ ప్రశ్నకు సరిగ్గా జవాబు దొరక్కపోతే, ఔత్సాహికుల శిక్షణ పేరుతో ఏటా ఖర్చవుతున్న ప్రజాధనం సరైన చోటికి వెళ్తోందో లేదో ఎవరికీ తెలియదు. అందుకే ఈ చదువు ఊరికే పోయేది కాదని నేను నమ్ముతాను.

రెండో భాగం, అంటే ఇన్నోవేషన్‌లో కలిసి పనిచేయడం, దీనికి రోటావాక్ టీకా కథ చూడండి. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కు టీకా అది. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన కొందరు శిశువుల్లో రోటావైరస్ కనిపించింది గానీ వాళ్లకు విరేచనాలు రాలేదు. అక్కడ దొరికిన 116ఇ అనే రకమే టీకాకు ఆధారమైంది. డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ లాంటివాళ్లు దాన్ని పట్టుకుని వదల్లేదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ఆరోగ్య సంస్థలు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్ చేతులు కలిపాయి. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది పసిపిల్లల మీద పరీక్షించి, చివరికి 2015 మార్చిలో విడుదల చేశారు. డోసు ధర ఒక్క డాలరే ఉంటుందని కంపెనీ ముందే మాట ఇచ్చింది. మొత్తం దాదాపు 30 ఏళ్ల ప్రయాణం. హక్కులు ఎవరికి చెందాలో ఎలా తేల్చుకున్నారు? ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు, ప్రైవేటు కంపెనీ యజమాని ఒకరినొకరు ఎలా నమ్మారు? అదే ప్రయత్నం మరోచోట మధ్యలో ఎందుకు ఆగిపోతుంది? మీ అమ్మాయి చదువుతానంటున్నది సరిగ్గా ఇదే.

అమెరికాలో 1990లో కోహెన్, లెవింతాల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక మంచి మాట చెప్పారు. బయటినుంచి వచ్చిన జ్ఞానాన్ని అందిపుచ్చుకోవాలంటే కంపెనీకి ముందే సొంతంగా కొంత పరిశోధన చేసిన అనుభవం ఉండాలి. ఎండి బీటలు తీసిన చెరువుకు ఒక్కసారిగా నీళ్లు వదిలితే ఎంత నిలుస్తుందో, ముందుగా సిద్ధపడని కంపెనీకి యూనివర్సిటీ టెక్నాలజీ ఇచ్చినా అంతే నిలుస్తుంది. యూనివర్సిటీతో ఒప్పందం కాగితం మీద సంతకం అయ్యాక ఏమీ జరగని సందర్భాలు మీ అమ్మాయి ఇంక్యుబేటర్‌లో చూసే ఉంటుంది. ఈ పరిశోధన చేయాలన్న కోరిక అక్కడే పుట్టి ఉంటుందని నా ఊహ.

మన దేశంలో పుట్టిన సరస్ సరస్వతి గురించి కూడా తెలుసుకోండి. ఆమె నోబెల్ బహుమతి గ్రహీత హెర్బర్ట్ సైమన్ దగ్గర పరిశోధన చేశారు. 27 మంది అనుభవజ్ఞులైన వ్యాపార స్థాపకులకు ఒక ఊహాజనిత వ్యాపారం ఇచ్చి, ఆలోచిస్తున్నదంతా పైకి చెప్పమన్నారు. 2001లో వచ్చిన ఆమె వ్యాసం ఈ రంగాన్ని ఒక మలుపు తిప్పింది. ఆ స్థాపకుల్లో ఎక్కువమంది పెద్ద లక్ష్యం పెట్టుకుని దానికి లెక్కలు వేయలేదు. ఇంట్లో ఏమున్నాయో చూసి వంట చేసే ఇల్లాలిలా, చేతిలో ఉన్నదానితో, తెలిసినవాళ్లతో మొదలుపెట్టారు. షాపు నడుపుతున్న మీకు ఇది కొత్త విషయమేమీ కాదు. కానీ దాన్ని నిరూపించి, ఇతరులకు నేర్పగలిగేలా రాయడానికి ఒకరు కావాలి కదా.

ఇక ఉద్యోగం సంగతి. దారి ఉంది, కానీ ఇరుకు. ఎక్కువమంది వెళ్లేది బిజినెస్ స్కూళ్లలో బోధనకు. ఐఐటీ, ఐఐఎంలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1 మూలవేతనం నెలకు 1,01,500 రూపాయలు, యూనివర్సిటీలలో మొదటి మెట్టు 57,700. వీటిపై అలవెన్సులు ఉంటాయి. ప్రభుత్వ విధాన సంస్థలు, యూనివర్సిటీల టెక్నాలజీ బదిలీ కార్యాలయాలు, కంపెనీల ఆర్ అండ్ డీ విభాగాలు కూడా ఈ చదువున్నవాళ్లను తీసుకుంటాయి, అయితే ఖాళీలు తక్కువ. మంచి గైడు, మంచి పరిశోధన పత్రికల్లో వ్యాసాలు లేకుండా డిగ్రీ ఒక్కటే చేతికొస్తే చిన్న ప్రైవేటు కాలేజీలో తక్కువ జీతానికి చేరాల్సి రావచ్చు. అలా చేరినవాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. వాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే, గైడును ఎంచుకునేటప్పుడు తొందరపడ్డామని.

డబ్బు విషయంలో మీరు భయపడేంత ఏమీ లేదు. యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధకులకు ఇచ్చే ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, పైన ఇంటి అద్దె భత్యం. ఇప్పటి జీతం కన్నా తక్కువే. కానీ మంచి చోట సీటు వస్తే ఇది మీ సొమ్ముతో చదివించాల్సిన చదువు కాదు. ఐఐటీ, ఐఐఎం లాంటి సంస్థల్లో పూర్తికాల పరిశోధకులకు సాధారణంగా స్టయిపెండ్ ఇస్తూనే చదివిస్తారు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఉంది కాబట్టి, 77 శాతం చాలు. ఎంబీఏ చేసి తీరాలన్న నియమం లేదు. అయితే ఒక్కో సంస్థ తన షరతులు వేరుగా పెట్టుకుంటుంది, ఆ నోటిఫికేషన్ చదవడం తప్పదు. ఐఐటీ హైదరాబాద్‌లో ఆంట్రప్రెన్యూర్‌షిప్, మేనేజ్‌మెంట్‌కు ప్రత్యేక విభాగమే ఉంది. మీకు దగ్గర్లో ఐఐఎం విశాఖపట్నం ఉంది. సాంకేతిక విధానం వైపు మనసుంటే ఢిల్లీ జేఎన్‌యూలో సైన్స్ పాలసీ అధ్యయన కేంద్రం చూడమనండి.

ఉద్యోగం మానేసే ముందు ఒక పని చేయమనండి. ఇది నా గట్టి మాట. మూడు నెలలు, వారాంతాల్లో, ఒకే ఒక్క ప్రశ్న మీద పని చేయాలి. ఉదాహరణకు, హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లే మందుల కంపెనీలు పెట్టిన కథ అందరూ చెప్పుకుంటారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పనిచేసినవారే. ఆ కథలో నిజం ఎంత, బయటికొచ్చినవాళ్లు వెంట తీసుకెళ్లింది పరిజ్ఞానమా, పరిచయాలా? లేదా తన ఇంక్యుబేటర్ నుంచి వెళ్లిన కంపెనీల్లో యూనివర్సిటీతో కలిసినవి, కలవనివి చెరి పది తీసుకుని, మూతపడ్డవాటి యజమానులతో సహా అందరితో మాట్లాడమనండి. మాటలు రికార్డు చేసి, అక్షరం అక్షరం రాసుకుని, అందులోంచి పది పేజీల వ్యాసం రాయాలి. మూడో నెలలో విసుగొస్తే ఆమెకు నచ్చింది స్టార్టప్ వాతావరణమే, పరిశోధన కాదని తెలిసిపోతుంది. అప్పుడు ఉద్యోగంలోనే ఎదగమనండి, అదీ మంచి దారే. పది పేజీలు రాశాక ఇంకా పది ప్రశ్నలు పుట్టుకొస్తే ఆపకండి. ఆ వ్యాసాన్నే గైడు కాబోయేవాళ్లకు పంపాలి. ఆ గైడు దగ్గర ఇదివరకు చేసినవాళ్లతో మాట్లాడకుండా చేరకూడదు. ఎన్నేళ్లకు పూర్తయింది, వ్యాసాలు ఎక్కడ వచ్చాయి, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అని అడగాలి. డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే పత్రికల జోలికి మాత్రం వెళ్లొద్దనండి.

ఈలోగా స్టాటిస్టిక్స్, కొంచెం ఎకనామిక్స్ మొదలుపెట్టాలి. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు లెక్కలు సులువే, మనుషులతో కూర్చుని ఓపిగ్గా వినడమే కష్టం.

పెళ్లి గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. పీహెచ్‌డీకీ పెళ్లికీ పోటీ పెట్టకండి. సంబంధం మాట్లాడేటప్పుడే ఐదేళ్ల చదువు ఉందని దాచకుండా చెప్పండి. అది విని ముఖం చిట్లించేవాళ్లు ఎవరో మొదటిరోజే తెలుస్తుంది. అమ్మాయి ఇష్టం తెలుసుకోకుండా ఈ రెండింటిలో ఏదీ తేల్చకండి.

ఈసారి అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు షాపుకి తీసుకెళ్లి, మీ నాన్నగారి కాలం నాటి ఖాతా పుస్తకాలు ఉంటే చూపించండి. ఏ సరుకు ఎవరి మాట మీద తెచ్చారో, ఏ మిల్లు వాళ్లు చెబితే కొత్త సామాను పెట్టారో ఆమె అడుగుతుంది. తీరిగ్గా చెప్పండి.