మా అమ్మాయి బిడ్డను ఎత్తుకోవడం లేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మా అమ్మాయికి తొలి కాన్పు. మగబిడ్డ పుట్టి రెండున్నర నెలలైంది. కాయం పెట్టాం, పథ్యం తప్పలేదు, ఏ లోటూ రానివ్వలేదు. అయినా నెల దాటినప్పటి నుంచి లోలోపల కుమిలిపోతోంది. బిడ్డకు పాలిచ్చి వెంటనే నా చేతికి ఇచ్చేస్తుంది. రాత్రి వాడు పడుకున్నా తను పడుకోదు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉంటుంది. ‘నా దగ్గర వీడు బతకడమ్మా, నువ్వే పెంచు’ అంటోంది. గాలి సోకిందని ఇరుగుపొరుగు చెబితే తాయెత్తు కట్టించాం. అల్లుడు గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనికి వెళ్లాడు. వచ్చే నెల సారె పెట్టి అత్తవారింటికి పంపాలి. వియ్యపురాలికి తెలిస్తే పిచ్చిదని ముద్ర వేస్తారేమోనని భయం. ఈలోగా నయమయ్యే దారి చెప్పండి.
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, బిడ్డ పడుకున్నా తల్లి పడుకోవడం లేదని రాశారే, ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్ర చాలకపోవడం మామూలే. కానీ పక్కన చూసుకునే అమ్మ ఉండి, బిడ్డ నిద్రపోయి, కళ్లు మండుతున్నా కునుకు పట్టడం లేదంటే అది జబ్బు లక్షణం.

కాన్పైన మూడో రోజు, నాలుగో రోజు ఊరికే ఏడుపు రావడం చాలామంది బాలింతల్లో కనిపిస్తుంది. రెండు వారాల్లో దానంతటదే పోతుంది. మీ అమ్మాయిది నెల దాటాక మొదలై ఇంకా తగ్గలేదు. ఇది ప్రసవానంతర కుంగుబాటులాగే ఉంది. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూసిన విశ్లేషణ 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. దాని ప్రకారం నూరుమంది బాలింతల్లో సుమారు 22 మందికి ఈ బాధ ఉంది. మీ వీధిలోనే ఇది అనుభవించి, ఎవరికీ చెప్పుకోలేక గడిపేసిన తల్లులు ఉండే ఉంటారు.

మీరు ఏ లోటూ చేయలేదు, నమ్ముతాను. లోటు లేని ఇళ్లలోనూ ఇది వస్తుంది. కాన్పు తర్వాత హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నెలల తరబడి నిద్ర లేకపోవడం, భర్త దగ్గర లేకపోవడం, అన్నీ కలిసి మనిషిని కుంగదీస్తాయి. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ఆ రెండు పరీక్షలూ చేయించాలి.

మా ఓపీలో తరచూ చూసేదొకటి చెబుతాను. అమ్మమ్మ బిడ్డను ఒళ్లో పెట్టుకుని వాడి బరువు, టీకాలు, విరేచనాల గురించి అంతా చెబుతుంది. పక్కన కుర్చీ అంచున కూర్చున్న తల్లి జాకెట్టు పాలతో తడిసి ఉంటుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. మీరు అడగండి. ‘నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా? బిడ్డకు నీ వల్ల ఏదైనా అవుతుందని భయమా?’ అని, మీరిద్దరే ఉన్నప్పుడు, నేరుగా. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అనుకోకండి, పుట్టదు. అవునంటే తిట్టకండి, ఏడవకండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. ఎవరివో మాటలు వినిపిస్తున్నాయన్నా, ఈ బిడ్డ నా బిడ్డే కాదన్నా, అర్ధరాత్రయినా ఆగవద్దు.

ఇవేవీ లేకపోయినా ఈ వారంలోనే శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. ఈలోగా 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. టెలి మానస్ అనే ఆ ప్రభుత్వ సేవకు డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి. పొగలు వేసి, బెత్తం పట్టి గాలి వదిలిస్తామనే వాళ్ల దగ్గరకు మాత్రం బాలింతను తీసుకెళ్లకండి.

తక్కువలో ఉంటే మాటల చికిత్సతోనే తగ్గవచ్చు. మందులు అవసరమైతే పాలు మాన్పించాలని ఏమీ లేదు. సెర్‌ట్రలిన్ లాంటి మందు పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది. పాలిస్తోందని డాక్టరుకు చెప్పండి చాలు. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే బిడ్డను లాగేసుకుంటారని ఆమె భయపడవచ్చు. మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

ఇక మీ అసలు భయం. దాచవద్దు. మందు పని చూపడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. అత్తవారింట్లో చాటుగా మింగాల్సిన మాత్రను ఏ కోడలైనా వారంలో మానేస్తుంది, జబ్బు తిరగబెడుతుంది. సారె మూడో నెలలో కాకపోతే ఐదో నెలలో పెట్టవచ్చు.

అమ్మాయిని అడిగి, ఆమె సరేనంటే ముందు అల్లుడికి చెప్పండి. బోటు ఒడ్డుకు చేరి అతను ఫోను చేసినప్పుడు, ‘దీనికి కాన్పు తర్వాత వచ్చే జబ్బు చేసింది బాబూ, వైద్యం చేయిస్తున్నాం. బిడ్డ సంగతి నేను చెబుతాను, నువ్వు దాన్ని ఎలా ఉన్నావని అడుగు. మీ అమ్మగారికి నువ్వే చెప్పు’ అనండి. వియ్యపురాలు చూడటానికి వస్తానంటే రానివ్వండి. వచ్చే చూపుకు ఆవిడను కూడా వెంటబెట్టుకుని రండి, ఆవిడతో నేను మాట్లాడతాను.